పేరు చెప్పని విలేకరి

వార్డులో సెలైన్ సీసా మారుస్తున్నప్పుడు వదిన ఫోన్ చేసింది. "మీ అన్న పోయినాడు సిస్టరమ్మా" అంది. ఫోను మాత్రం పెట్టలేదు. నేనూ పట్టుకునే ఉన్నాను. ఆమె వెనకాల ఎవరో మంచం జరుపుతున్న చప్పుడు వినిపించింది. మూత్రపిండాలు పాడై ఏడాదిగా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న మనిషి. ఈ ఫోన్ ఎప్పుడో వస్తుందని నాకు తెలుసు. వచ్చాక మాత్రం చేతిలోని సీసాను ఎక్కడ పెట్టాలో తోచలేదు.

ఆయన నా తోడబుట్టినవాడు కాదు. మాది చర్చికి పోయే ఇల్లు, వాళ్లది కొండకు ముడుపు కట్టే ఇల్లు. సత్యవేడులో ఎస్టీడీ బూత్ నడుపుతూ ఒక దినపత్రికకు వార్తలు రాసేవాడు. ఊరంతా విలేకరి అని పిలిచేది. నేను విలేకరన్న అనేదాన్ని.

మరునాడు పత్రిక జిల్లా పేజీలో ఆయన ఫొటో వేశారు. సీనియర్ పాత్రికేయుడు కన్నుమూశాడని, తమ పత్రికకు ఎన్నో ఏళ్లు సేవలందించాడని రాశారు. చదివి మడిచి పక్కన పెట్టేశాను. ఆయన జైల్లో ఉన్నప్పుడు ఇదే పత్రిక ఆయన మావాడు కాదంది. ఆ సంగతి ఇప్పుడు ఎవరూ రాయరు. నేను రాయాలనుకుంటున్నాను. రాస్తే ఎవరికి ఏం ముప్పు వస్తుందోనని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ముప్పు రాగలిగిన మనిషి ఇప్పుడు లేడు.

తొంభైల మధ్యలో మా కాపురం సత్యవేడులో ఉండేది. మా ఆయన ఆర్టీసీ కండక్టరు. నేను తమిళనాడు సరిహద్దు దగ్గర ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో నర్సును. ఆ ఊరి పేరు రాయను. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవాళ్లకు ఈ కథతో సంబంధం లేదు.

చిత్తూరులో ఉన్న మా అమ్మతో మాట్లాడాలంటే అన్న బూత్‌కే పోవాలి. అద్దాల తలుపు, లోపల ఎర్ర అంకెలు వెలిగే మీటరు, బయట బల్ల మీద తువ్వాలు కప్పిన ఫ్యాక్స్ మిషను. మనం లోపలికి పోయి తలుపు వేసుకోగానే ఆయన రేడియో గట్టిగా పెట్టి అటు తిరిగి కూర్చునేవాడు. జనం లోపల ఏడ్చేవాళ్లు, తిట్టుకునేవాళ్లు, పెళ్లిళ్లు కుదుర్చుకునేవాళ్లు. ఆయన చెవికి అవేవీ సోకకూడదని ఆ రేడియో. విలేకరివి కదా, ఇక్కడ కూర్చుంటే వార్తలే వార్తలు అని ఒకసారి నవ్వులాటకు అన్నాను. "బూత్‌లో వినపడింది వార్త కాదు సిస్టరమ్మా, అది వాళ్ల సొంతం" అన్నాడు.

ఇంకొక అలవాటు ఉండేది. ఎవరి గురించి రాసినా వాళ్ల పేరు రెండుసార్లు అడిగేవాడు. దీర్ఘం ఉందా, ఒత్తు ఉందా, ఇంటిపేరు ఏది, తండ్రి ఎవరు. ఇంతా చేస్తే పత్రికలో ఆ వార్త రెండంగుళాలు వచ్చేది. పేరు తప్పు రాస్తే మనిషినే తప్పు రాసినట్టని చెప్పేవాడు. పేర్ల మీద అంత పట్టింపు ఉన్న మనిషి ఒక పేరు కోసం ఏం పడ్డాడో ఇక చెబుతాను.

ఆ రోజుల్లో పులికాట్ ఒడ్డున రొయ్యల చెరువులు పుట్టగొడుగుల్లా లేచాయి. చెరువుల ఉప్పునీళ్లు ఊటలకు దిగి పల్లెల్లో తాగే బావులు చెడిపోయాయి. చేపలు పట్టేవాళ్లు అర్జీలు ఇచ్చీ ఇచ్చీ విసిగి ఒకనాడు చెరువు కట్ట తెంచారు. పోలీసులు కుర్రాళ్లను పట్టుకుపోయారు. అది అన్న రాశాడు, ఎప్పటిలాగే రెండంగుళాలు వచ్చింది.

నాలుగైదు రోజులకు మధ్యాహ్నం పూట మా ఆసుపత్రి ముందు పోలీసు జీపు ఆగింది. ఒక కుర్రాణ్ణి ఇద్దరు మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. గుండె నొప్పి అన్నారు. ఇరవై దాటి ఉంటాయేమో. పాదాలు రెండూ ఉబ్బిపోయి, అరికాళ్లు నల్లగా కమిలి ఉన్నాయి. డాక్టరు గారు పోలీసులతో పక్క గదిలోకి పోయినప్పుడు నేనొక్కదాన్నే అతని దగ్గర ఉన్నాను. ఆ ఒడ్డు వాళ్ల మాటలో సగం అరవమే కదా, "అక్కా, తణ్ణి" అని నీళ్లడిగాడు. తల ఎత్తి పట్టుకుని తాగించాను. అరికాళ్ల మీద కొట్టారని చెప్పాడు. సాయంత్రం కాకుండానే పోయాడు. మనం చూసింది గుండె నొప్పి అని డాక్టరు గారు మా అందరికీ చెప్పారు. ఆయనా పిల్లలవాడే. ఆయన్ని నేనేమీ అనను.

డ్యూటీ దిగి నేరుగా బూత్‌కు పోయాను. అమ్మకు ఫోన్ చేద్దామనే పోయాను. నంబరు కలిసింది, అమ్మ హలో అంటోంది. పెట్టేసి బయటికి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. అన్న రేడియో ఆపాడు. ఏమైందని అడగలేదు. షట్టరు సగం దించి నా ఎదురుగా కూర్చుని, "నువ్వు సూసిందే చెప్పు. ఒకరు చెప్పగా విన్నది వద్దు" అన్నాడు. చూసింది చెప్పాను. ఆయన కలం తీయలేదు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూనే ఉన్నాడు. ఆ సాయంత్రమే సైకిలేసుకుని ఆ కుర్రాడి పల్లెకు పోయాడు.

శవాన్ని కడిగిన తల్లి ఆ కాళ్లు చూసింది. ఆమె చెప్పిందే రాశాడు, ఆమె పేరుతోనే రాశాడు. పంపేముందు నన్ను పిలిచి చదివి వినిపించాడు. నీళ్లడిగిన మాట అందులో లేదు. ఎందుకు తీసేశారని అడిగాను.

"ఆ మాట విన్నది నువ్వొక్కదానివే. అది రాస్తే నీ పేరు రాసినట్టే."

అది లేకపోతే వార్తకు బలమెక్కడిదన్నాను.

"బలం తగ్గితే తగ్గనీ. నువ్వుండాల" అన్నాడు.

వార్త ఈసారి మొదటి పేజీలో వచ్చింది. వారం తిరగలేదు, ఆయన్ని బూత్‌లోనే పట్టుకున్నారు. ఫోన్ చేసుకుంటున్న ముసలాయన్ని బయటికి లాగి అద్దాల తలుపుకు సీలు వేశారు. నిషేధించిన దళాలకు ఆ బూత్ నుంచి కబుర్లు చేరవేస్తున్నాడని, కరపత్రాలు దొరికాయని కేసు. అప్పటి సర్కారు చేతిలో అట్లాంటి కేసులకు కొదవ లేదు. కరపత్రం అచ్చేసినవాడూ, అంటించినవాడూ, చదివినవాడూ లోపలే. వాళ్ల తరఫున రాసినవాడూ లోపలే. తుపాకీ ముఖం ఎరగని మనిషిని దేశద్రోహి అంటుంటే ఊరు విని ఊరుకుంది. మర్నాటి నుంచి వదినతో మాట్లాడేవాళ్లు తగ్గారు. అన్నతో రోజూ టీ తాగిన వాళ్లు ఆ వీధి మానేసి పక్క వీధిలో నడిచారు. పత్రికవాళ్లు లోపలి పేజీలో చిన్న ప్రకటన వేశారు. ఆయన తమ ఉద్యోగి కాడట, అప్పుడప్పుడూ వార్తలు పంపే వ్యక్తి అట.

సీఐ మా ఆసుపత్రికి వచ్చి నర్సులందరినీ వరసగా నిలబెట్టాడు. కుర్రాడు పోయిన సాయంత్రమే విలేకరి ఆ పల్లెకు పోయాడంటే ఇక్కడి నుంచే ఎవరో చెప్పి ఉండాలన్నాడు. వాళ్లంతట వాళ్లు వస్తే మర్యాదగా ఉంటుందన్నాడు. మేం నలుగురం. మూడోదాన్ని నేను. ఆయన బూట్ల వైపే చూస్తూ నిలబడ్డాను.

జైల్లో అన్నను అడుగుతున్నదీ అదే. లాయరు ద్వారా వదినకు తెలిసింది. చెప్పిన మనిషి ఎవరో ఒక్క పేరు చెబితే బెయిలుకు తాము అడ్డం చెప్పబోమన్నారట. ఆయన, నాకు చెప్పింది ఆ తల్లి, ఆమె పేరు రాసే ఉన్నాను కదా అన్నాడట. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. ఆ మాటకు ఏం చేశారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. బయటికి వచ్చాక ఎడమ చెవి సరిగా వినపడేది కాదు. వదిన ఎప్పుడూ కుడివైపున కూర్చుని మాట్లాడేది.

ఆ నెలలు ఎట్లా గడిచాయో రాయడం కష్టం. పొద్దున లేచి ఆసుపత్రికి పోయేదాన్ని, సూదులు వేసేదాన్ని, ఇంటికి వచ్చి అన్నం వండేదాన్ని. ఎవరు చూసినా అంతా మామూలే. మా ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు టిక్కెట్ల సంచి సర్దుకుంటూ కూర్చుని, నీ ఉద్యోగం పోతే పోనీ, నిన్ను కూడా అట్లాగే పట్టుకుపోతే పాప ఏం కావాలి అన్నాడు. పాపకు అప్పుడు మూడేళ్లు. నోరు విప్పితే నా ఇల్లు కూలుతుంది, విప్పకపోతే అన్న ఇల్లు. ఏ గదిలోకి పోయినా ఈ రెండే. జీపు చప్పుడు వినపడితే నా కోసమేననుకునేదాన్ని. అది ముందుకు పోతే, అమ్మయ్య అనుకున్నందుకు ఆ పూట అన్నం దిగేది కాదు.

ఒకనాడు వదిన మా ఇంటికి వచ్చింది. బిడ్డకు జ్వరమని మాత్రలు అడిగింది. నేను మాత్రలు కాగితంలో పొట్లం కడుతుంటే తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమెకు తెలుసని నాకు అర్థమైంది. ఎట్లా తెలిసిందో ఇప్పటికీ తెలియదు. అన్న చెప్పలేదు, అది మాత్రం నిజం. నేనే నోరు తెరవబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయన నాకు చెప్పలే. నేను అడగలే" అంది. నా చేతిలోని పొట్లం అందుకుని, "చెప్పమని నిన్ను అడిగేదానికి నోరు రాలేదు సిస్టరమ్మా. చెప్పొద్దనేదానికి మనసూ రాలేదు. ఈ మాత్రలు పొద్దునొకటీ రాత్రొకటీనా?" అంది.

అవునన్నాను. వెళ్లిపోయింది.

కొన్ని నెలలకు హైకోర్టులో బెయిలు దొరికింది. వదినకు తోడుగా నేనూ జైలు దగ్గరికి పోయాను. అన్న నన్ను అటు రావద్దని ముందే కబురు పెట్టాడు. అయినా పోయాను, కొంగు తల మీదుగా కప్పుకుని దూరంగా నిలబడ్డాను. పెద్ద గేటులోని చిన్న తలుపు తెరిచారు. అన్న వంగి బయటికి వచ్చాడు. కళ్లద్దాల పుల్ల విరిగితే దారం కట్టుకున్నాడు. వదిన ముందుకు అడుగేసింది. టీ అంగడి దగ్గర కూర్చున్న ఇద్దరు గ్లాసులు కింద పెట్టి లేచారు. వాళ్లను వదిన కంటే ముందు అన్న చూశాడు. చేతిలోని బట్టల సంచి వదినకు ఇచ్చి, "నువ్వు బస్సుకు పో, పొద్దుపోతాది" అన్నాడు. ఇంకో ఊరిలో ఇంకో కేసు. గేటు బయటే మళ్లీ అరెస్టు. జీపు ఎక్కేముందు ఆయన చూపు నా మీదికి వచ్చింది. ఆగలేదు. బస్సు కోసం నిలబడ్డ ఎవరో ఆడమనిషిని చూసినట్టు చూసి దాటిపోయింది. నన్ను ఎవరైనా అంత ప్రేమగా చూడనట్టు చూడటం నా జన్మలో అదొక్కసారే.

ఆ తర్వాత మరొకసారి కూడా బెయిలు వచ్చింది. ఆసారి గేటు దాటనే లేదు, లోపలే ఇంకో వారంటు ఇచ్చారు. అప్పటి నుంచి వదిన బెయిలు మాట వింటే సంతోషించడం మానేసింది.

ఇంతలో హక్కుల కోసం పనిచేసే లాయర్లు ఆ కుర్రాడి తల్లి తరఫున కోర్టుకు పోయి ఆర్డీఓ విచారణ వేయించారు. తెలిసినవాళ్లు ఎవరైనా వచ్చి చెప్పవచ్చని ఊళ్లో దండోరా వేశారు. దండోరా విన్న మర్నాడే మా ఆయన పాపను చిత్తూరు తీసుకుపోయి వచ్చాడు. విచారణ రోజు పొద్దున ఆయన యూనిఫాం వేసుకోకుండా మామూలు చొక్కా తొడుక్కుని, "పాపను మీ అమ్మ దగ్గర వదిలినాను గదా, ఇంక పా" అన్నాడు. రోజూ టిక్కెట్లు కొట్టే బస్సులోనే నా పక్కన ప్రయాణికుడిలాగా కూర్చున్నాడు.

మండలాఫీసులో విచారణ. గది నిండా జనం, వెనక గోడకు ఆనుకుని కుర్రాడి తల్లి, కిటికీ దగ్గర సీఐ. నా పేరు, ఉద్యోగం చెప్పగానే సీఐ కుర్చీ చప్పుడైంది. కాళ్లెట్లా ఉన్నాయో చెప్పాను. ఆర్డీఓ వయసులో చిన్నవాడు. ఆ అబ్బాయి ఏమైనా మాట్లాడాడా అని అడిగాడు.

"తణ్ణి అని అడిగినాడు సార్. ఇచ్చినాను. అరికాళ్లలో కొట్టినారక్కా అన్నాడు."

వెనక నుంచి ఆ తల్లి గొంతు, ఎవరూ అడగకుండానే, "తాగినాడా?" అంది.

ఆర్డీఓ ఆమెను వారించలేదు. నేను వెనక్కి తిరిగాను.

"రెండు గుక్కలు తాగినాడమ్మా."

ఆమె తల ఊపింది. బిడ్డ దాహంతో పోయాడేమోనని ఆమె అన్నాళ్లూ ఒక్క మెతుకు కుదురుగా తినలేదని తర్వాత తెలిసింది.

నన్ను పట్టుకుపోలేదు. అందరి ముందూ చెప్పిన మాట కదా, ఎత్తుకుపోవడం కుదరలేదని లాయరు అన్నాడు. జిల్లాకు అటు చివర కుప్పం వైపు బదిలీ చేశారు. ఇద్దరు పోలీసులను సస్పెండ్ చేశారు, ఏడాదికల్లా మళ్లీ చేర్చుకున్నారు. అన్నకు ఈసారి బెయిలు దొరికితే గేటు దగ్గర ఎవరూ లేవలేదు. కేసులు మాత్రం అట్లాగే ఉన్నాయి. ప్రతి సోమవారం స్టేషనుకు పోయి సంతకం పెట్టాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి.

నన్ను చూసి సంతోషిస్తాడనుకుని పోయాను. ఆయన మొహం గంటుపెట్టుకుని కూర్చున్నాడు. "ఎందుకొచ్చి చెప్పినావు మ్మా?" అన్నాడు. మీరు లోపల ఉంటే నేనెట్లా ఊరుకునేదన్నాను. ఆయన నవ్వి, "లోపల నాదంటూ ఉండింది ఆ పేరొక్కటే. పొద్దున లేస్తానే అది భద్రంగా ఉండాదా అని సూసుకునేవాణ్ణి. దాన్ని కూడా నువ్వొచ్చి తీసుకుపోతివి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అందులో కొంత నిజం ఉంది. ఆ మాట నేను చాలా ఏళ్లు మోశాను.

సీలు తీశాక బూత్ నడవలేదు. ఆ ఫోన్లు పోలీసులు వింటారని జనం రావడం మానేశారు, తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి ఎటూ మూతపడింది. పత్రిక మళ్లీ తీసుకోలేదు. కేసులన్నీ తేలాక, నేనూ బదిలీ మీద తిరుపతిలో ఉన్నప్పుడు, అక్కడికి వచ్చి ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. పెళ్లిపత్రికలు, చావు కార్డులు. అక్కడ కూడా పేర్లు రెండుసార్లు అడిగేవాడని ప్రెస్సాయన చెప్పి నవ్వేవాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా మూసిన తలుపు ముందు అట్లాగే నిలబడిపోయేవాడు. గడియ వేసి ఉండేది కాదు, తోస్తే తెరుచుకునేది. తోసేవాడు కాదు. జైల్లో తలుపు ఎప్పుడూ ఇంకొకరు తెరిచేదే కదా. అందుకని ఆయన వచ్చే రోజు మా ఆయన తలుపు బార్లా తీసి ఇటుక అడ్డం పెట్టేవాడు.

మా పాప పెద్దదై, మామా నీకు వాళ్ల మీద కోపం రాదా అని అడిగింది. "కోపం ఉండాది. దాన్ని రోజూ తీసి సూసుకుంటా కూర్చుంటే నేనింకా లోపలున్నట్టే గదా" అన్నాడు. చెప్పినంత సులువుగా ఆయనకది సాధ్యమైందని నేననుకోను.

ఆఖరి కేసు కొట్టేసింది రెండువేలు దాటాక. చిత్తూరు కోర్టులో జడ్జిగారు సాక్ష్యం లేదని నాలుగు మాటల్లో చెప్పి ఇంకో ఫైలు అందుకున్నారు. అన్న బోనులోనే నిలబడి ఉంటే బంట్రోతు వచ్చి, దిగండి సార్, అయిపోయింది అన్నాడు. మెట్ల మీద కూర్చుని, "ఏమీ లేదని చెప్పేదానికి ఇన్నేండ్లు పట్టిందా వీళ్లకు" అన్నాడు. అంతే.

అనుమతి అడగకుండా ఊరు దాటగలిగిన మొదటి వారం ఆయన పులికాట్ పోదామన్నాడు. వదిన, మా ఆయన, నేను, నలుగురం పోయాం. ఆ కుర్రాడి తల్లి మా కోసం చేపల పులుసు పెట్టింది. తినేటప్పుడు కొడుకు మాట ఎవరూ ఎత్తలేదు. వలల గురించి, ఆ ఏడాది పడిన చేపల గురించి మాట్లాడుకున్నాం. తిన్నాక ఆయన చెయ్యి కడుక్కుని, అట్లా నడిచొస్తానని ఒడ్డుకు పోయాడు.

ఎండాకాలం. నీళ్లు బాగా వెనక్కి తీసి, కనుచూపు మేర తడి బురద. గోడ లేదు, గట్టు లేదు, మనిషి లేడు. దూరంగా నీటి అంచున కొంగలు. ఎంత దూరమైనా నడవచ్చు. మేం గుడిసె నీడలో కూర్చుని చూస్తున్నాం. ఆయన కొంచెం దూరం నడిచాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు. అంతే దూరం ఇటు నడిచి, ఆగి, మళ్లీ అటు తిరిగాడు. చేతులు వెనక కట్టుకుని, తల వంచుకుని, అటూ ఇటూ, అటూ ఇటూ. ఆయనకు తెలుస్తున్నట్టు లేదు. మా ఆయన పిలవబోతే వదిన వద్దని సైగ చేసింది.

పొద్దు వాలాక ఆయనే వచ్చాడు. మంచి గాలి అన్నాడు. మేం లేచి చీకటి పడకముందే బయలుదేరాం. బస్సు దారి మలుపులో నేను వెనక్కి తిరిగి చూశాను. అంత పెద్ద బయల్లో ఒక గది పొడవున సన్నటి కాలిబాట, దాని అడుగుజాడల్లోకి మెల్లగా ఊరుతున్న నీళ్లు.